కారు కింద ఆకుపచ్చ మరక

దసరా అయిన నాలుగో రోజు పొద్దున వాకిలి ఊడుస్తున్న మా అత్తమ్మ చీపురు ఆపి నన్ను పిలిచింది. "ఇగో, గిది చూడు. నీ బండి ఒంటికి పోసింది" అన్నది.

వెళ్లి చూస్తే కారు ముందు చక్రాల మధ్య షాబాద్ బండ మీద అరచేతి వెడల్పున మరక ఉంది. ఆకుపచ్చ రంగు. వేలితో ముట్టుకుంటే నీళ్ల కంటే కొంచెం జారుడుగా ఉంది, వాసన చూస్తే తియ్యగా ఉంది. ఇంజను ఆయిల్ అయితే నల్లగా ఉండాలి. ఏసీ నీళ్లు అనుకోవడానికి మా కారుకు ఏసీయే లేదు. మా ఆయన మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు ఎవరి దగ్గరో కొన్న పాత తెల్ల కారు అది. ఊరి బయట ఉన్న బడికి నేను దాంట్లోనే పోయి వస్తాను. ఇంజను వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే కూలెంట్ ఆకుపచ్చగా ఉంటుందని నాకు తెలుసు. కాబట్టి రేడియేటర్ నీళ్లే కారుతున్నాయని తేల్చాను. ఇంతవరకు నా లెక్క సరిగ్గానే ఉంది.

నేను హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. కంటితో చూడనిది నమ్మొద్దు, చూసిందాన్ని కూడా రెండోసారి చూడకుండా నమ్మొద్దు అని ఏటా జూన్‌లో బోర్డు మీద రాయిస్తాను. ఆ రోజు నేనేం చేశానంటే, బిస్కెట్ల డబ్బా చింపి ఆ అట్టముక్కను కారు కింద తోసి, నేల మీద బోర్లా పడుకుని ఫోను లైటు వేసి చూశాను. రేడియేటర్ అడుగున ఉండే లావుపాటి రబ్బరు పైపు, దాన్ని బిగించిన క్లిప్పు, ఆ క్లిప్పు అంచున వేలాడుతున్న ఆకుపచ్చ చుక్క కనపడ్డాయి. చూస్తుండగానే చుక్క అట్ట మీద పడ్డది. ఒక్కసారి చూశాను. రెండోసారి చూడలేదు.

ఎందుకంటే ఆ పైపు పండుగకు రెండు రోజుల ముందే మార్పించాను. మార్చింది చాచా. మెదక్ రోడ్డు మీద రేకుల షెడ్డులో ఒక్కడే పని చేసుకునే పెద్దాయన, శుక్రవారం నమాజుకు పోయే వేళ తప్ప షెడ్డు మూయడు. మా పెళ్లికి ముందు నుంచి మా ఆయన స్కూటరు ఆయనే చూసేవాడు, తర్వాత కారు కూడా. అందరూ చాచా అంటారు, నేనూ అంతే. నన్ను ఆయన టీచరమ్మా అంటాడు, కాసేపయ్యాక తల్లీ అంటాడు. ఆ ఏడు ఆయన నన్ను ఒక్క సాయం అడిగాడు. మా బడికి మూడు వ్యాన్లున్నాయి. వాటిని చూసుకునే మెకానిక్ మానేసి వెళ్లిపోయాడు. బడి వెనక షెడ్డులో గుంత ఉంది, అందులో దిగితే బండి కింద నిలబడే పని చేయొచ్చు. చాచా మోకాళ్లు అరిగిపోయాయి. రోడ్డు పక్కన మట్టిలో వెల్లకిలా పడుకుని లేవడం ఆయనకు కష్టమవుతోంది. "మీ సార్‌కు ఒక్క మాట చెప్పు తల్లీ. గుంతల నిలవడి చేసే పనైతే ఇంకో పదేండ్లు చేస్త" అన్నాడు. నేను చెప్పాను కూడా. మా కరస్పాండెంట్ సార్ ఆలోచిద్దాం అన్నాడు.

ఆ పొద్దున నాకు అవేవీ గుర్తుకు రాలేదు. బడిలో ప్రార్థనకు ఆలస్యమవుతోంది, కారులో నీళ్లు తగ్గి దారిలో ఆగిపోతుందేమోనని భయం. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చిన కోపానికి మనిషి కూడా తొందరగానే దొరుకుతాడు. నేరుగా షెడ్డు ముందుకు పోయి కారు ఆపాను.

బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన దుబ్బాక వైపు నుంచి వచ్చిన ట్రాక్టరు ఆయన, ఇంకొకాయన ఆటో డ్రైవరు. చాచా నన్ను చూసి నవ్వాడు.

"చాచా, నువ్వేసిన పైపు కారుతున్నది. పండుగ ముందల కద వేసింది? గప్పుడే పాడైతదా?" అన్నాను.

"కారుతున్నదా? సూస్త ఆగు టీచరమ్మా" అని బానెట్ ఎత్తాడు. క్లిప్పు చుట్టూ వేళ్లు పోనిచ్చి తడిమి చూశాడు. తడి వేలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ తడిమాడు. "క్లిప్పు గట్టిగనే ఉన్నది. నీళ్లు గీడికెల్లి వస్తలేవు. ఏడికెల్లో వచ్చి గీడ చుక్క పడుతున్నయి."

"ఏడికెల్లో అంటే ఏడికెల్లి? నేను కండ్లార సూసిన. నీ క్లిప్పు మీదికెల్లే పడుతున్నది."

ఆయన కారు ముందుకు వచ్చి వంగి, రేడియేటర్ ముందుండే జాలీకి కట్టి ఉన్న బంతిపూల దండను చూశాడు. దసరా నాడు నేను కట్టిన దండ అది. లావుగా, బొద్దుగా, నాలుగు రోజులైనా ఇంకా రంగు తగ్గలేదు. ఆయన చెయ్యి చాపి, దండను ముట్టుకోకుండా ఆగి నా వైపు చూశాడు.

"ముంగటికెల్లి సూడాలె తల్లీ. జర గీ దండ తీస్తవా?"

"దండ తీయొద్దు" అన్నాను. "ఎండి దానంతటది రాలిపోయేదాంక ముట్టుకోవద్దని మా అత్తమ్మ చెప్పింది."

అది అబద్ధం. అత్తమ్మ ఎన్నడూ అట్లా అనలేదు. దండ తీయాలంటే పట్కారు కావాలి, పది నిమిషాలు పడుతుంది, నాకు ఆలస్యమవుతోంది. అంతకన్నా ముఖ్యం, తప్పు ఎవరిదో నేను ఇంట్లోనే తీర్పు చెప్పేసి వచ్చాను. ఇప్పుడు ఈయన కొత్తగా వెతకడం మొదలుపెడితే నా తీర్పు ఏం కావాలి? అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు.

"పైపు కారితె దండ ఎందుకు తీయాలె? పూజ చేసిన దండ మీదికి నూకుతున్నవా నీ తప్పు?"

బల్ల మీద ఇద్దరూ మా వైపు తిరిగారు. చాచా చాపిన చెయ్యిని మెల్లగా వెనక్కు తీసుకున్నాడు. "అట్ల కాదు తల్లీ" అన్నాడు. లోపలికి పోయి కొత్త క్లిప్పు తెచ్చి, బాగానే ఉన్న పాతదాన్ని విప్పి దాన్ని బిగించాడు, తగ్గిన నీళ్లు పోశాడు. బానెట్ మూసేటప్పుడు దండలో ఒక్క పువ్వు కూడా కదలకుండా మూశాడు.

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. అది వేరే ఎవరైనా మెకానిక్ అయి ఉంటే ఆ మాట నా నోటికి వచ్చేదే కాదు. వచ్చినా అది ఉత్త కసురుడే అయ్యేది. చాచాతో అంటే ఆ మాట ఎక్కడ తగులుతుందో, ఆయన దానికి తిరిగి ఒక్క ముక్క కూడా ఎందుకు అనలేడో తెలిసే అన్నాను. ఇది ఇప్పుడు కూర్చుని కనిపెట్టిన సంగతి కాదు, కారు గేరు మార్చేటప్పుడే తెలుసు. తెలిసి కూడా బడి దాకా నా పక్షాన నేనే వాదించుకుంటూ పోయాను.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూస్తుంటే కరస్పాండెంట్ సార్ వచ్చాడు. "టీచర్, మీరు చెప్పిన ముసలాయన సంగతి ఏంది? వ్యాన్లు గీ వారం ఎవరికో ఒకరికి అప్పజెప్పాలె. ఆయన్నే రమ్మందామా?"

ఒక్క "రమ్మనండి" చాలు. నాకు పొద్దుటి కోపం ఇంకా దిగలేదు.

"వద్దు సార్. పెద్దమనిషి అయిండు, కండ్లు సరిగ కనవడ్తలేవు. పిల్లలు పోయే బండ్లు కద" అన్నాను.

సార్ ఇంకో ప్రశ్న వేయలేదు. సైన్సు టీచర్ ఊరికే అనదు కదా అనుకుని ఉంటాడు. నేను కూడా పిల్లల పేరు చెప్పాను కాబట్టి మంచి పనే చేశానని నమ్మాను. పొద్దున అత్తమ్మ పేరు, మధ్యాహ్నం పిల్లల పేరు. నా మాటను నా పేరు మీద చెప్పే ధైర్యం ఆ రోజు నాకు ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున మళ్లీ మరక. ఆ మర్నాడూ అంతే. కొత్త క్లిప్పు కూడా కారుతోందంటే ఇక ముసలాయనకు పనే రాదని ఇంకొంచెం రుజువు దొరికినట్టు సంబరపడ్డాను. రోజూ సీసాతో నీళ్లు పోసుకుని బడికి పోయాను. ఆదివారం దాకా అట్లాగే గడిచింది.

ఆదివారం తీరిక దొరికింది. ఈసారి చాచా దగ్గరకు పోయి గట్టిగా నిలదీయాలంటే ఎదురు చెప్పలేని ఆధారం కావాలనుకున్నాను. పాత బనియను గుడ్డతో రేడియేటర్ అడుగు, పైపు, క్లిప్పు అన్నీ పొడిగా తుడిచాను. అత్తమ్మ ముగ్గు డబ్బా తెచ్చి, చేతికి అందినంత మేర ఆ పొడి చల్లాను. నీళ్లు ఏ దారిన వస్తే ఆ దారిలో తెల్లపొడి తడిసి గీత పడుతుందని నా ఉపాయం. తర్వాత ఇంజను నడిపించి, వేడెక్కనిచ్చి, ఆపి, కింద పడుకున్నాను.

క్లిప్పు దగ్గర ముగ్గు పొడి పొడిగానే ఉంది. కాసేపటికి పైనుంచి ఒక తడిగీత దిగింది. పైపు నుంచి కాదు, పైపు కంటే జానెడు పైన, రేడియేటర్ ముఖం మీద నుంచి. అది ఏటవాలుగా జారి, అడుగు అంచు పట్టుకుని పాకి, పైపు ఎక్కి, క్లిప్పు దగ్గర అన్నిటికంటే కిందికి ఉన్న చోట ఆగి చుక్కయింది. నీళ్లు ఎక్కడ కారుతాయో అక్కడే పడవు, ఎక్కడ పల్లముంటే అక్కడ పడతాయి. పైకప్పు ఉరిసే ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా తెలిసిన సంగతి. నేను పుట్టింది కూడా అట్లాంటి ఇంట్లోనే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

లేచి, కారు ముందుకు వచ్చి, ఆ గీత మొదలైన చోటును జాలీలోంచి వెతికాను. అక్కడ బంతిపూలు అడ్డం ఉన్నాయి. పూలను పక్కకు జరిపి లైటు వేశాను. ఒక ఇనుప తీగ కొస రేడియేటర్ రేకుల్లోకి గుచ్చుకుని ఉంది. దాని మొదట్లో ఆకుపచ్చ నీటిపూస ఒకటి ఉబ్బుతోంది. ఉబ్బి, జారి, మళ్లీ ఉబ్బుతోంది.

ఆ తీగ నాదే. దసరా నాడు కారుకు పసుపు కుంకుమ పెట్టి, దండ కట్టబోతే బరువుకు నూలుదారం రెండుసార్లు తెగింది. ప్రహరీ కట్టినప్పుడు సలాకలు కట్టగా మిగిలిన బైండింగ్ వైరు చుట్ట ఒకటి మెట్ల కింద ఉంది. అది తెచ్చి, పట్కారుతో దండను మూడు చోట్ల బిగించి మెలిపెట్టాను. జమ్మి ఆకు పట్టుకుని ఇంటింటికీ తిరిగే పిల్లలు కారును రాసుకుంటూ పోతారు, ఎవరి చేతికీ, ఎవరి లంగాకూ గుచ్చుకోవద్దని కొసలను జాగ్రత్తగా లోపలికి వంచాను. కారు గుంతల్లో ఎగిరినప్పుడల్లా ఆ కొస రేడియేటర్‌ను రాకింది. మూడు రోజులు రాకి చిల్లు చేసింది. నాలుగో రోజు అత్తమ్మ మరక చూసింది.

అత్తమ్మ నా వెనక వచ్చి నిలబడి తీగను చూసి నవ్వింది. "సంకల పిల్లను వెట్టుకోని ఊరంత దేవులాడినట్టున్నది నీ కథ" అన్నది. నాకూ కొంచెం నవ్వు వచ్చింది, వచ్చి ఆగిపోయింది. షెడ్డు దగ్గర అన్నదంతా ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. సగం వినేసరికే ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"నేనెప్పుడన్ననే గట్ల? పండుగైన మూడోనాడు తీసి పారే నీళ్లల్ల వెయ్యాలంటరు. అంతే. దసరాకు ఆయన షెడ్డు ముంగట ఎన్ని బండ్లకు పూజలైతయి? కొబ్బరికాయ కొట్టెతందుకు రాయి కడిగి పెట్టేది ఎవలు? దండలు అందక పోతె పట్టుకునేది ఎవలు? ఆయన చెయ్యి తగిలితె మైలవడేది ఏమున్నది? నిన్ను అడిగిండంటె మర్యాదకు అడిగిండు. నా పేరు చెప్పి పెద్దమనిషి చెయ్యి ఆపినవా?"

వ్యాన్ల సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. సిగ్గేసింది.

పట్కారుతో తీగ విప్పి, దండ తీసి అత్తమ్మ చేతికిచ్చాను. మర్నాడు బడికి పోగానే ముందు కరస్పాండెంట్ సార్ గదిలోకి వెళ్లాను. చాచా కండ్ల గురించి నేను చెప్పింది తప్పు, కోపంలో అన్నాను, ఆయన పనికి వంక లేదు అని నిలబడే చెప్పాను.

సార్ కలం పక్కన పెట్టాడు. "పోయిన వారం కనవడ్తలేవు అంటిరి. ఇప్పుడు కనవడుతున్నయా టీచర్?"

"అప్పుడు కూడ కనవడ్డయి సార్."

"శనివారమే వేరేటోళ్లకు మాటిచ్చినం. ఏడాది దాంక ఏం చేయలేం. మీరు చెప్పిన మాటనే పట్టుకున్న నేను" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

సాయంత్రం షెడ్డుకు పోయాను. బల్ల మీద ఎవరూ లేరు. నలుగురి ముందు అన్న మాటను ఎవరూ లేనప్పుడు వెనక్కు తీసుకోవడం నాకు ఎంత అనువుగా దొరికిందో అనిపించింది. తీగ ముక్కను ఆయన చేతిలో పెట్టి "ఇదే చాచా" అన్నాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. "ఆ రోజే కనవడ్డది తల్లీ. పూల సందుల మెరిసింది."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వా మాట అన్నంక ఏం చెప్పాలె? గాడ ఇద్దరు కూసున్నరు. నేను తీగ అన్నా, నా నోటికెల్లి వస్తె దండను అన్నట్టే ఉంటది. రేపు బజార్ల ఒకలు ఒకటి అంటరు, ఇంకొకలు ఇంకోటి అంటరు. నీ బండిల నీళ్లు పోతె పోసుకుంటవు, మాట పోతె నేనేడ పోసుకోవాలె?" ఇవన్నీ మామూలు గొంతుతోనే, స్పానరు వెతుక్కుంటూ అన్నాడు.

రేడియేటర్ విప్పడానికి మట్టిలో అట్ట పరుచుకున్నాడు. ఒక మోకాలు ఆనించి, బంపర్ పట్టుకుని, రెండో మోకాలు ఆనించి, మెల్లగా పక్కకు ఒరిగి, వెల్లకిలా పడుకున్నాడు. ఎంతసేపు పట్టిందో నేను నిలబడి చూశాను. కింద నుంచే మాట్లాడాడు.

"బడిల పని నాకు రాలె టీచరమ్మా. ఎవరికో ఇచ్చిన్రట. అయినా నువ్వు నా గురించి సార్‌కు మంచిగ చెప్పినవని మీ వ్యాను డ్రైవర్ చెప్పిండు. గంతె చాలు తల్లీ. రాసి పెట్టి లేదు."

డ్రైవర్ చెప్పింది నేను మొదట చెప్పిన మాట. తర్వాత చెప్పిన మాట సార్‌కూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఎప్పటికీ తెలిసేది కాదు. ఆయన కాళ్లు మాత్రమే నాకు కనపడుతున్నాయి, ముఖం కారు కింద ఉంది. అందుకే చెప్పగలిగానేమో.

"నేను చెడగొట్టిన చాచా. నీకు కండ్లు కనవడ్తలేవని చెప్పిన. ఇయ్యాల పోయి అబద్ధమని చెప్పిన కానీ అప్పటికే ఐపోయింది."

కింద స్పానరు చప్పుడు ఆగింది. ఆయన ఏమైనా తిడితే బాగుండునని నిలబడ్డాను. కొంతసేపటికి స్పానరు మళ్లీ తిరగడం మొదలైంది. రేడియేటర్ బయటికి తీసి, చిల్లుపడ్డ సన్నటి గొట్టాన్ని చిల్లుకు అటూ ఇటూ నొక్కి మూసి, అతుకు మందు పట్టించి ఆరబెట్టాడు. అప్పుడు నన్ను పిలిచాడు.

"ఇట్ల రా తల్లీ. లైటు వట్టుకో. చూడు, గీడ మూసిన. గీడ కూడ. మంచిగ చూసుకో."

చూశాను. ఆయన చూపించిన చోట వెంట్రుకంత సందు కూడా లేదు. నాకు కండ్లలో నీళ్లు వచ్చి సరిగ్గా కనపడలేదు కూడా.

ఇది జరిగి రెండేళ్లయింది. కారు ఇప్పటికీ ఆయన దగ్గరికే తీసుకుపోతున్నాను. మరకలు లేవు. పలకరింపులో తేడా లేదు, అత్తమ్మ ఆరోగ్యం అడుగుతాడు, మా ఆయన ఎప్పుడొస్తాడని అడుగుతాడు. మిగతా వాళ్లు బండి ఇచ్చి బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ ఉంటారు, తమ బండి కింద ఆయన ఏం చేస్తున్నాడో లేచి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. నన్ను మాత్రం కూర్చోనివ్వడు. బోల్టు విప్పే ముందు పిలుస్తాడు, బిగించాక పిలుస్తాడు. "నువ్వే చూసుకో తల్లీ, మల్ల మాట రావద్దు" అంటాడు, ఏ కోపమూ లేకుండా. బల్ల మీద వాళ్లు చూస్తుండగా నేను లేచి పోయి, వంగి, ప్రతిసారీ చూసి వస్తాను.